కార్బ్యురేటరు పరిమాణం ఎంపిక

కార్బ్యురేటరు పరిమాణం ఎంపిక అనగా ఒక పెట్రోలు ఇంజను పీల్చుకోగల గాలికి తగిన లోపలి వ్యాసం గల కార్బ్యురేటరును నిర్ణయించడం. పాత కార్ల ఇంజనులను ట్యూనింగు చేసినపుడు, అనగా క్యామ్‌షాఫ్టు మార్చి, సిలిండరు హెడ్డులోని దారులను నునుపు చేసి, సంపీడన నిష్పత్తి పెంచి ఎక్కువ శక్తి రాబట్టినపుడు, ఈ ప్రశ్న ముందుకు వస్తుంది. కార్బ్యురేటరు ఎంత పెద్దదైతే కారుకు అంత "పికప్" వస్తుందన్న నమ్మకం వర్క్‌షాపులలో ఎంతో కాలంగా ఉన్నది. అది తప్పు. కోరుకున్న అత్యధిక వేగం వద్ద ఇంజనుకు ఊపిరాడనివ్వగల కార్బ్యురేటర్లలో అన్నిటికంటే చిన్నదే సాధారణంగా సరైనది.

భారతదేశంలో ఈ విషయం ప్రధానంగా హిందుస్థాన్ అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లకు వర్తిస్తుంది. 2000 సంవత్సరం నాటి ఉద్గార ప్రమాణాలతో కొత్త కార్లలో కార్బ్యురేటరు స్థానాన్ని ఇంధన ఇంజెక్షను ఆక్రమించింది. ఈ వ్యాసంలోని లెక్కలకు అంబాసిడరు ఇంజనును, వాతావరణానికి గోదావరి డెల్టాలోని సముద్రతీర నగరమైన కాకినాడను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

పనిచేసే విధానం

కార్బ్యురేటరులో గాలి వెళ్ళే గొట్టం మధ్యలో సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది. ఈ సన్నని భాగాన్ని ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని బాటిస్టా వెంచురి (1746–1822) పేరిట వెంచురీ అంటారు. సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఫ్లోటు గిన్నెలోని పెట్రోలుపై మాత్రం బయటి వాతావరణ పీడనమే ఉంటుంది. ఈ రెండు పీడనాల తేడాయే పెట్రోలును జెట్టు గుండా పైకి లాగి గాలిలో తుంపరగా చిమ్ముతుంది. ఈ తేడాను ఈ వ్యాసంలో "పీల్పు" అని వ్యవహరిస్తున్నాము.

పీల్పు గాలి వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. విషయమంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నది. వెంచురీ వ్యాసాన్ని 20 శాతం పెంచితే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. అంతే గాలి వెళ్ళేటపుడు వేగం సుమారు 70 శాతానికి తగ్గుతుంది, పీల్పు సగానికి పడిపోతుంది. పీల్పు చాలనపుడు పెట్రోలు సన్నని తుంపరగా విడిపోక పెద్ద చుక్కలుగా పడి, మానిఫోల్డు గోడలను తడుపుతుంది. ఫలితంగా తక్కువ వేగంలో కారు తడబడుతుంది, యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కితే ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడలపై ఉన్న ఆయిలును కడిగివేయడం వలన రింగులు, బోరు త్వరగా అరుగుతాయి. కొత్తగా రీబోరు చేయించిన ఇంజనుకు ఇది ఖరీదైన నష్టం.

కార్బ్యురేటరు మరీ చిన్నదైతే నష్టం వేరుగా ఉంటుంది. ఎక్కువ వేగంలో గాలి దారి ఇరుకై సిలిండర్లు పూర్తిగా నిండవు, శక్తి ఒక స్థాయి దాటి పెరగదు. అయితే తక్కువ, మధ్య వేగాలలో ఇంజను చక్కగా స్పందిస్తుంది, మైలేజీ కూడా బాగుంటుంది. ఊరి రోడ్లపై నడిచే కారు తన జీవితకాలంలో ఎక్కువ భాగం ఈ వేగాలలోనే గడుపుతుంది. కనుక రెండు పరిమాణాల మధ్య సందేహం కలిగినపుడు చిన్నదానివైపు మొగ్గడం మంచిది.

పదాల విషయంలో ఒక గందరగోళం ఉన్నది. మన మెకానిక్కుల వాడుకలో "చోక్" అంటే చలిలో ఇంజను స్టార్టు చేయడానికి గాలిని అడ్డే రేకు. ట్యూనింగు పుస్తకాలలో "చోక్" అంటే వెంచురీ గొట్టమే. పుస్తకంలో "32 చోక్" అని ఉంటే అది 32 మి.మీ. వెంచురీ అని గ్రహించాలి.

పరిమాణాన్ని తెలిపే అంకెలు

కార్బ్యురేటరుపై ఉండే అంకె అన్ని కంపెనీలలో ఒకే విషయాన్ని తెలపదు. సోలెక్స్, వెబర్ వంటి స్థిర వెంచురీ రకాలలో ఆ అంకె థ్రాటిల్ రేకు ఉండే రంధ్రపు వ్యాసం. సోలెక్స్ 32 లో థ్రాటిల్ రంధ్రం 32 మి.మీ., వెంచురీ అంతకంటే చిన్నది. వెబర్ 40 డీసీఓఈ లో రంధ్రం 40 మి.మీ. కాగా దానిలో వేర్వేరు వ్యాసాల వెంచురీ గొట్టాలను మార్చి బిగించుకోవచ్చు. ఇంజను నిజంగా గుర్తించేది వెంచురీనే కాబట్టి, "నలభై వెబర్ బిగించాము" అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు.

బ్రిటన్‌కు చెందిన ఎస్‌యూ కార్బ్యురేటర్ల లెక్క అంగుళాలలో ఉంటుంది. పేరు చివరి అంకె ఒక అంగుళంపై ఎన్ని ఎనిమిదో వంతులు ఉన్నాయో తెలుపుతుంది. హెచ్‌ఎస్2 అంటే ఒకటింపావు అంగుళం (31.75 మి.మీ.), హెచ్‌ఎస్4 అంటే ఒకటిన్నర (38.1 మి.మీ.), హెచ్‌ఎస్6 అంటే ఒకటిముప్పావు (44.45 మి.మీ.), హెచ్‌ఎస్8 అంటే రెండు అంగుళాలు.

అమెరికా కార్బ్యురేటర్లను నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోనిస్తాయన్న లెక్కతో అమ్ముతారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నాలుగు గొట్టాల కార్బ్యురేటరును 1.5 అంగుళాల పాదరస పీడన తేడా వద్ద, రెండు గొట్టాల దానిని 3 అంగుళాల వద్ద కొలవడం ఆనవాయితీ. తేడా రెట్టింపైతే ప్రవాహం సుమారు 1.41 రెట్లవుతుంది. అందుచేత రెండు గొట్టాల కార్బ్యురేటరు అంకెను 1.41 తో భాగించిన తరువాతనే నాలుగు గొట్టాల అంకెతో పోల్చాలి.

గాలి లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజను ప్రతి రెండు భ్రమణాలకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీల్చుకుంటుంది. సిలిండరు ఎప్పుడూ పూర్తిగా నిండదు కాబట్టి నిజంగా నిండే భాగాన్ని ఘనపరిమాణ దక్షత అంటారు. మామూలు పాత ఇంజనులో అత్యధిక శక్తి వద్ద ఇది 75 శాతం చుట్టుపక్కల, ఓ మోస్తరు ట్యూనింగు తరువాత 85 శాతం ఉంటుందని అనుకోవచ్చు.

నిమిషానికి గాలి (లీటర్లు) = ఇంజను ఘనపరిమాణం (లీటర్లు) × ఆర్‌పిఎం ÷ 2 × ఘనపరిమాణ దక్షత

ఈ సూత్రంలో అందరూ పొరబడే చోటు ఆర్‌పిఎం. ఇంజను పగిలిపోకుండా తిరగగల వేగాన్ని కాక, అత్యధిక శక్తి ఇచ్చే వేగాన్ని ఇక్కడ వేయాలి. క్యామ్‌షాఫ్టు మార్చని ఇంజను 6500 ఆర్‌పిఎం వరకు తిరిగినా, 4500 దాటిన తరువాత దాని శక్తి తగ్గుతూ ఉంటే పెద్ద కార్బ్యురేటరు వలన ప్రయోజనం లేదు.

అంబాసిడరు ఉదాహరణ

అంబాసిడరుకు 1959లో పాత సైడ్ వాల్వు ఇంజను స్థానంలో బ్రిటన్‌లో బి.ఎం.సి. రూపొందించిన 1489 సి.సి. బి-సిరీస్ ఇంజను వచ్చింది. దీని శక్తి 55 హార్సుపవరు. నాలుగు సిలిండర్లకు ఒకే కార్బ్యురేటరు. ఇదే 1489 సి.సి. ఇంజను బ్రిటన్‌లో ఎం.జి. కార్లలోనూ వాడబడింది. జెడ్ఏ మాగ్నెట్ అనే కారులో రెండు ఒకటింపావు అంగుళం ఎస్‌యూలతో 60 హార్సుపవరు, 1955లో వచ్చిన ఎం.జి.ఏ. స్పోర్ట్సు కారులో రెండు ఒకటిన్నర అంగుళం ఎస్‌యూలతో 68, ఆ తరువాత 72 హార్సుపవరు ఇచ్చింది. రోడ్డుపై టాక్సీగా తిరిగిన ఇంజను, స్పోర్ట్సు కారు ఇంజను ఒకే కుటుంబానికి చెందినవన్నమాట.

ఈ అంకెలను చూసి కార్బ్యురేటర్లు మారిస్తే చాలు 17 హార్సుపవరు పెరుగుతుందని భావించరాదు. ఎం.జి.ఏ. ఇంజనులో సంపీడన నిష్పత్తి, సిలిండరు హెడ్డు, ఎగ్జాస్టు ఏర్పాట్లు కూడా వేరు. కార్బ్యురేటరు ఆ మార్పులకు తగినట్లుగా పెరిగింది కాని వాటికి కారణం కాదు. దీనికి మరో సాక్ష్యం ఎం.జి.బి. కారు. దాని ఇంజను 1798 సి.సి.కి పెరిగి 95 హార్సుపవరు ఇచ్చినా, కంపెనీ అదే ఒకటిన్నర అంగుళం కార్బ్యురేటర్ల జతతో సరిపెట్టింది. 1275 సి.సి. మినీ కూపర్ ఎస్ ఒకటింపావు అంగుళం జతతోనే 76 హార్సుపవరు ఇచ్చి ర్యాలీలు గెలిచింది.

ఇప్పుడు అంబాసిడరు లెక్క చూద్దాం. మార్పులేని ఇంజను 4400 ఆర్‌పిఎం వద్ద 75 శాతం దక్షతతో నిమిషానికి సుమారు 2460 లీటర్లు, అనగా సెకనుకు 41 లీటర్ల గాలి పీల్చుతుంది. ఇది నిమిషానికి 87 ఘనపుటడుగులకు సమానం. ఒకటింపావు అంగుళం రంధ్రం వైశాల్యం 792 చదరపు మి.మీ. కనుక దాని గుండా సగటు గాలి వేగం సెకనుకు 52 మీటర్లు. క్యామ్‌షాఫ్టు మార్చి, హెడ్డు పనిచేయించి, అత్యధిక శక్తి 5500 ఆర్‌పిఎం వద్దకు జరిగిందని అనుకుందాం. 85 శాతం దక్షతతో గాలి సెకనుకు 58 లీటర్లు అవుతుంది. పాత కార్బ్యురేటరులోనే ఇది వెళ్ళాలంటే వేగం సెకనుకు 73 మీటర్లకు చేరుతుంది. పీల్పు రెట్టింపు అవుతుంది, ఆ మేరకు సిలిండర్లకు గాలి తగ్గుతుంది. ఒకటిన్నర అంగుళం (1140 చదరపు మి.మీ.) వేస్తే వేగం మళ్ళీ 51 మీటర్లకు వస్తుంది. అంటే తయారీదారు మొదట ఎంచుకున్న స్థితికే తిరిగి చేరుతుంది. ఒకటిముప్పావు వేస్తే వేగం 37 మీటర్లకు పడిపోతుంది.

కనుక ఇటువంటి ఇంజనుకు ఒకే కార్బ్యురేటరు చాలనుకుంటే ఒకటిన్నర అంగుళం, రెండు కావాలనుకుంటే ఒకటింపావు జత సరైన మొదటి అంచనాలు. రోడ్డుపై నడిచే 1489 సి.సి. ఇంజనుకు ఒకటిముప్పావు జత బిగించడం డబ్బు దండుగ.

బి-సిరీస్ ఇంజనుకు మరొక విశేషం ఉన్నది. దాని హెడ్డులో నాలుగు సిలిండర్లకు గాలి దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒక దారి, మూడు, నాలుగు సిలిండర్లకు ఇంకొకటి. మండే క్రమం 1-3-4-2 కావడం వలన ఒకే దారిని పంచుకునే రెండు సిలిండర్లు వెంటవెంటనే గాలి పీల్చి, ఆ తరువాత చాలాసేపు ఊరకుంటాయి. రెండవది తెరుచుకునే సమయానికి మొదటిది ఇంకా మూసుకోదు, ఒకదాని వాటాను మరొకటి లాక్కుంటుంది. క్యామ్‌షాఫ్టు ఎంత "వేడి"దైతే ఈ దోపిడీ అంత ఎక్కువ. ఈ ఇంజనుపై సిలిండరుకు ఒక వెంచురీ చొప్పున నాలుగు బిగించడం హెడ్డు మార్చకుండా సాధ్యం కాదు.

పాత అంబాసిడరు కొని ట్యూనింగు చేయదలచినవారు ముందుగా బానెట్టు ఎత్తి చూడడం అవసరం. 1979 తరువాత డీజిలు ఇంజనుతో కూడా ఈ కారు వచ్చింది, అది కూడా 1489 సి.సి.యే. టాక్సీలుగా తిరిగిన వాటిలో డీజిలువి చాలా ఎక్కువ. 1990ల నుండి 1817 సి.సి. ఇసుజు పెట్రోలు ఇంజను గలవీ ఉన్నాయి, వాటి లెక్క వేరు. 2014లో ఉత్తరపారా కర్మాగారంలో ఈ కారు తయారీ నిలిచిపోయింది.

స్థిర వెంచురీ కార్బ్యురేటర్లు

సిలిండరుకు ఒక వెంచురీ ఉండే వెబర్ డీసీఓఈ వంటి ఏర్పాట్లకు వాడుకలో ఉన్న సూత్రం ఇది:

వెంచురీ వ్యాసం (మి.మీ.) = 20 × √(ఒక సిలిండరు ఘనపరిమాణం లీటర్లలో × ఆర్‌పిఎం వేలలో)

1600 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజను 6500 ఆర్‌పిఎం వద్ద అత్యధిక శక్తి ఇస్తే, సిలిండరుకు 0.4 లీటరు, 6.5 తో గుణిస్తే 2.6, దాని వర్గమూలం 1.61. వెంచురీ సుమారు 32 మి.మీ. అవుతుంది. అదే ఇంజను యజమాని నిజాయితీగా ఆలోచించి తాను 5500 దాటి తిప్పనని ఒప్పుకుంటే 30 మి.మీ. చాలు. వెంచురీ థ్రాటిల్ రంధ్రంలో 80 శాతం వరకు ఉండడం మంచిదని అనుభవం. కనుక రెండు సందర్భాలలోనూ 40 మి.మీ. కార్బ్యురేటరే సరిపోతుంది, 45 అక్కరలేదు.

నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకే వెంచురీ ఉన్నపుడు ఈ సూత్రం వాడరాదు. అలాగని వైశాల్యం నాలుగు రెట్లు కూడా కానవసరం లేదు, ఎందుకంటే ప్రతి సిలిండరు నాలుగు స్ట్రోకులలో ఒక్క దానిలోనే గాలి పీల్చుతుంది. ఒకటి పీల్చి ఆపేసరికి రెండవది మొదలుపెడుతుంది, అదే దారి నలుగురికీ వంతులవారీగా ఉపయోగపడుతుంది.

వెంచురీ నిర్ణయమైన తరువాత జెట్లు. డీసీఓఈ రకానికి వెంచురీ వ్యాసాన్ని నాలుగుతో గుణిస్తే మెయిను జెట్టు అంకె దాదాపుగా వస్తుంది. 32 మి.మీ. వెంచురీకి 130 జెట్టు, అనగా 1.30 మి.మీ. రంధ్రం. గాలి సవరణ జెట్టు దానికి 50 కలిపి, 180. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, చివరి అంకెలను రోడ్డుపైన లేదా డైనమోమీటరుపైన పరీక్షించి తేల్చుకోవాలి.

ఎస్‌యూ ప్రత్యేకత

ఎస్‌యూలో వెంచురీ స్థిరంగా ఉండదు. గాలి పెరిగేకొద్దీ ఒక పిస్టను దానంతటదే పైకి లేచి దారిని వెడల్పు చేస్తుంది, దానితోపాటు జెట్టులోని సూది కూడా పైకి లేచి పెట్రోలును పెంచుతుంది. పీల్పు దాదాపు ఒకే స్థాయిలో నిలుస్తుంది. ఇందువలన ఒక మెట్టు పెద్ద ఎస్‌యూ బిగించినా తక్కువ వేగంలో స్థిర వెంచురీ రకమంత ఇబ్బంది పెట్టదు. ట్యూనింగుకు కొత్తవారికి ఈ రకం అనువైనదనడానికి ఇదే కారణం. అయితే సూది ఎంపిక కఠినం. వందలాది సూదులు ఉన్నాయి, ప్రతిదాని సన్నబడే తీరు వేరు. పిస్టనుపై ఉన్న డ్యాంపరులో పలుచని ఆయిలు తగిన మట్టానికి లేకపోతే యాక్సిలరేటరు తొక్కినపుడు ఇంజను తడబడుతుంది. ఈ లక్షణాన్ని చూసి కార్బ్యురేటరు చిన్నదైందని పొరబడేవారు ఎందరో.

అసలు పాత ఎస్‌యూలో సాధారణంగా చెడేది థ్రాటిల్ కడ్డీ. కడ్డీ అరిగితే దాని పక్కల నుండి లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తుంది, ఇంజను నిదానంగా తిరగనంటుంది. కొత్త పరిమాణం గురించి ఆలోచించే ముందు ఉన్న కార్బ్యురేటరుకు కడ్డీ, బుష్షులు, జెట్టు, సూది కొత్తవి వేయించి, డిస్ట్రిబ్యూటరు సరిచూసుకుంటే అంతటితో సమస్య తీరిపోవడం కద్దు.

కోస్తా వాతావరణం, పెట్రోలు

కాకినాడ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్నది. అందుచేత ఇక్కడ వాతావరణ పీడనం పూర్తిగా లభిస్తుంది. కాని వేడి, తేమ ఆ లాభాన్ని కొంత తగ్గిస్తాయి. ట్యూనింగు పుస్తకాలు 15 డిగ్రీల సెల్సియస్ గాలిని ప్రమాణంగా తీసుకుంటాయి. 35 డిగ్రీల వద్ద గాలి సాంద్రత దానికంటే ఆరున్నర శాతం తక్కువ. ఉక్కపోత రోజులలో గాలిలో మూడు శాతం వరకు నీటి ఆవిరి చేరి ఆ మేరకు ఆక్సిజనును తగ్గిస్తుంది. రెండూ కలిస్తే వేసవిలో ఇంజనుకు అందే ఆక్సిజను సుమారు తొమ్మిది శాతం తగ్గుతుంది, శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. దీనికి విరుగుడుగా పెద్ద కార్బ్యురేటరు వేయడం వ్యర్థం. వెంచురీ గుండా పోయే గాలి ఘనపరిమాణం మారలేదు, దాని బరువు మాత్రమే తగ్గింది. మారవలసినది జెట్టు.

గాలి పలుచబడినపుడు కార్బ్యురేటరు మిశ్రమాన్ని చిక్కగా ఇస్తుంది. సాంద్రత ఆరు శాతం తగ్గితే పెట్రోలు వాటా సుమారు మూడు శాతం పెరుగుతుంది. కాకినాడలో సరిచేసిన కారును 900 మీటర్లకు పైగా ఎత్తున్న అరకు లోయకు తీసుకుపోతే అక్కడ గాలి సుమారు పది శాతం పలుచన, మిశ్రమం ఐదు శాతం చిక్కన అవుతుంది. ఇది ప్రయాణానికి ఇబ్బందే కాని ఇంజనుకు ప్రమాదం కాదు. తిరుగు దిశలో ప్రమాదం ఉన్నది. కొండపై పల్చగా సరిచేసిన కార్బ్యురేటరుతో సముద్రతీరానికి దిగి, హైవేపై పూర్తి వేగంతో పోతే పలుచని మిశ్రమం అతిగా వేడెక్కి పిస్టను కరిగే అవకాశం ఉన్నది. ట్యూనింగు చేసి సంపీడనం పెంచిన ఇంజనులలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

నేటి పెట్రోలు ఈ లెక్కను మరొక వైపు లాగుతుంది. భారతదేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. స్వచ్ఛమైన పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాలుకు 9 కిలోలు చాలు. ఇరవై శాతం మిశ్రమానికి ఇది సుమారు 13.5 అవుతుంది. కార్బ్యురేటరుకు ఈ సంగతి తెలియదు, పాత కొలతతోనే పెట్రోలు ఇస్తుంది. అందువలన మిశ్రమం సుమారు ఎనిమిది శాతం పలుచన అవుతుంది. దీనిని సరిచేయడానికి మెయిను జెట్టు వ్యాసం నాలుగు శాతం పెంచాలి. 130 జెట్టు ఉన్నచోట 135 వేయాలి. ఎస్‌యూలో అయితే జెట్టును కిందికి దించడం లేదా చిక్కని సూది వేయడం. ఇథనాలు రాకముందు అచ్చయిన పుస్తకాలలోని జెట్టు పట్టికలను యథాతథంగా అనుసరించడం నేడు ప్రమాదకరం.

ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. కోస్తా ప్రాంతంలో నెలల తరబడి కదలకుండా ఉంచిన కారు ట్యాంకులో నీరు, ఇథనాలు కలిసి అడుగుకు దిగిపోవచ్చు. ఫ్లోటు గిన్నెలో తెల్లటి తుప్పు పేరుకుని జెట్లు మూసుకుపోతాయి. పాత రబ్బరు గొట్టాలు, ఫ్లోటు సీళ్ళు కూడా ఉబ్బి చెడిపోతాయి కాబట్టి ఇథనాలును తట్టుకునే రకం వేయించాలి. బి-సిరీస్ ఇంజనులో ఎగ్జాస్టు, కార్బ్యురేటరు ఒకే పక్కన ఉండడం వలన ఎండాకాలం కారు ఆపిన కొద్దిసేపటికి గిన్నెలోని పెట్రోలు మరిగి పొంగుతుంది. మళ్ళీ స్టార్టు కావడం కష్టమవుతుంది. రెండింటి మధ్య ఒక వేడి కవచపు రేకు బిగించడం ఇక్కడి వాతావరణంలో తప్పనిసరి. పెద్ద కార్బ్యురేటరు కోసం పాత రేకును తీసివేసి మళ్ళీ పెట్టకపోవడం తరచుగా జరిగే పొరపాటు.

పరీక్ష

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా చివరి తీర్పు ఇంజనుదే. పరిమాణం తెలుసుకోవడానికి చవకైన సాధనం వాక్యూము మీటరు. దానిని మానిఫోల్డుకు కలిపి, ఖాళీ రోడ్డుపై లేదా డైనమోమీటరుపై థ్రాటిల్ పూర్తిగా తెరిచి, అత్యధిక శక్తి వేగం వరకు తీసుకుపోవాలి. ఆ క్షణంలో మీటరు ఒకటిన్నర అంగుళాల పాదరసం చుట్టుపక్కల చూపితే పరిమాణం సరిపోయినట్లు. రెండుకు మించి చూపితే కార్బ్యురేటరు గాలిని అడ్డుకుంటున్నది. ముల్లు దాదాపు కదలకపోతే అది అవసరానికి మించి పెద్దది.

మిశ్రమాన్ని పొగగొట్టంలో అమర్చే ఆక్సిజను సెన్సరుతో కొలవవచ్చు. అత్యధిక శక్తి సాధారణంగా అవసరమైన దానికంటే పది నుండి పదిహేను శాతం చిక్కని మిశ్రమం వద్ద లభిస్తుంది. ఇథనాలు కలిసిన పెట్రోలుకు గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెలు మారిపోతాయి కాబట్టి మీటరును లాంబ్డా లెక్కలో చదవడం ఉత్తమం. 0.86 నుండి 0.90 మధ్య ఉంటే చాలు. సెన్సరు లేనపుడు పూర్తి వేగంలో పోతూ ఒక్కసారిగా ఇంజను ఆపి స్పార్కు ప్లగ్గు విప్పి చూసే పాత పద్ధతి ఉన్నది. లేత గోధుమ రంగు సరైనది, మసి చిక్కదనానికి, తెలుపు పలుచదనానికి గుర్తులు. నేటి పెట్రోలు ప్లగ్గుపై రంగును అంత స్పష్టంగా వదలదు కనుక ఈ పద్ధతిని ఒక్కదాన్నే నమ్ముకోరాదు.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేలా వాహనంలో మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. కార్బ్యురేటరు రకం రిజిస్ట్రేషను పత్రంలో ఉండదు. ఘనపరిమాణం, ఇంజను నంబరు, ఇంధనం ఉంటాయి. కనుక ఇంజనునే మార్చడం వేరు, కార్బ్యురేటరు మార్చడం వేరు.

యాభై ఏళ్ళు దాటిన వాహనాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నిబంధనల ప్రకారం, అటువంటి వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేసి నంబరులో "వీఏ" అక్షరాలు కేటాయిస్తారు. అయితే వాహనం మూల రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. 1960ల నాటి అంబాసిడరుకు ఈ గుర్తింపు కోరుకునేవారు తీసివేసిన అసలు కార్బ్యురేటరు, మానిఫోల్డు, గాలి వడపోత డబ్బాలను పాత ఇనుప సామాన్ల కొట్టుకు అమ్మివేయకుండా దాచుకోవడం మంచిది. అవి మళ్ళీ దొరకడం ఏటికేడు కష్టమవుతున్నది.

కాలుష్య తనిఖీలో ఈ తరం పెట్రోలు కార్లకు నిదానంగా తిరిగేటపుడు పొగలో కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బనులు పది లక్షలకు 1500 వంతులు మించరాదు. సరైన పరిమాణంలో ఉండి సూది, జెట్టు సరిగా కుదిరిన కార్బ్యురేటరు ఈ పరీక్షలో నెగ్గుతుంది. పరిమాణం మించిన వెంచురీని తక్కువ వేగంలో నడిపించడానికి నిదాన వేగపు స్క్రూను చిక్కగా తిప్పిన కారు సాధారణంగా ఇక్కడే తప్పుతుంది.